లారీ గీతలు

మొన్నటి ఆదివారం మా అక్క మనవరాలు పటాన్‌చెరు అవతల కందిలో తాను చదువుకునే క్యాంపస్‌కు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. ఆ రోజు బయటివాళ్లకు ప్రయోగశాలలు చూపిస్తారట. బడిపిల్లలు, వాళ్ల వెనక వాళ్ల అమ్మానాన్నలు, అందరికంటే వెనక మోకాళ్లు పట్టుకుని నేను. మా తాత ఒకప్పుడు లేజర్ల దగ్గర పనిచేసిండు అని ఆ పిల్ల తన స్నేహితులతో చెబుతుంటే నాకు కాస్త గర్వం కలిగిన మాట దాచను, ఈ వయసులో మనల్ని ఎవరైనా మెచ్చుకోవడమే అరుదు కదా.

చివరికి ఒక చీకటి గదిలోకి తీసుకెళ్లి, తన పని ఇదేనంటూ పెద్ద ఇనుప బల్ల మీద అమర్చిన అద్దాలను చూపించింది. దాన్ని ఘోస్ట్ ఇమేజింగ్ అంటారట, దయ్యపు బొమ్మ అనుకోమంది నవ్వుతూ. ఒకే వెలుగును రెండు పాయలు చేస్తారు. ఒక పాయ వస్తువును తాకి ఒక యంత్రపు కంటి మీద పడుతుంది, కానీ ఆ కంటికి ఎంత వెలుగు వచ్చిందో తప్ప ఆకారం తెలియదు. రెండో పాయ ఆ వస్తువు దరిదాపులకు కూడా పోకుండా నేరుగా కెమెరా మీద పడుతుంది. ఈ రెండింటి లెక్కలనూ వేలసార్లు జతచేస్తే, వస్తువును ఎన్నడూ చూడని ఆ వెలుగులోంచే దాని బొమ్మ మెల్లగా తేలుతుంది. ఆమె చెబుతుండగానే తెర మీద మసక మసకగా ఏదో రూపం కట్టడం మొదలుపెట్టింది. నేను కుర్చీ అడిగాను. పిల్ల కంగారుపడి షుగర్ తగ్గిందేమోనని బిస్కెట్ చేతిలో పెట్టింది. షుగర్ కాదు. నేను ఎన్నడూ చూడని ఒక మనిషి ముఖం నలభై ఏళ్లకు దగ్గరగా నా కళ్లముందు అలాగే మసకగా తేలుతూ ఉంటుంది, ఆ సంగతి ఆ పిల్లకు ఎలా చెప్పను?

నా ఈడువాళ్లకు ఎనభైల నాటి పటాన్‌చెరు గుర్తుండే ఉంటుంది. బస్సు ఊళ్లోకి రాకముందే ఘాటు వాసన ముక్కుకు తగిలేది, కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకునేవాళ్లు, అయినా ఆ వాసన వచ్చిందంటే పని దొరికే చోటికి వచ్చామన్న ధైర్యం కూడా వచ్చేది. మాది వ్యవసాయ కుటుంబం. డిప్లొమా పూర్తి చేసి పొలం గట్ల మీద కాలక్షేపం చేస్తున్న నన్ను చెయ్యి పట్టుకుని ఈ లోకంలోకి తెచ్చింది మా బావ. పాశమైలారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఆయన ఫిట్టరు. చేతిలో పానా ఉంటే చాలు, బోల్టు ఎంతవరకు తిరగాలో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు. ఆయనకు తెలిసిన ఒక పెద్దమనిషి, నగరంలో ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరైనాయన, పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు కిరాయికి తీసుకుని లేజర్లతో ఏదో పరీక్షలు చేస్తున్నాడని, చదువుకున్న కుర్రాడు కావాలంటున్నాడని తెలుసుకుని నన్ను అక్కడ చేర్చాడు. ఆ పెద్దమనిషే మా సారు.

మా పని లోహపు ముక్కలను కోయకుండా, పగలగొట్టకుండా వాటి లోపలి లోపం కనిపెట్టడం. సారు దాన్ని నాకు తేలిగ్గా చెప్పాడు. మామూలు బల్బు వెలుగు సంతలో జనం లాంటిది, ఎవరి నడక వారిది. లేజర్ వెలుగు కవాతు చేసే పోలీసుల లాంటిది, అందరి అడుగూ ఒకేసారి పడుతుంది, అందువల్ల ఎవరి అడుగు తప్పినా ఇట్టే తెలిసిపోతుంది. ముక్కకు తెల్లరంగు పూసి బల్ల మీద బిగించి, ఎర్రటి లేజర్ వెలుగులో ఫోటో పూత ఉన్న గాజు ప్లేటు మీద ఒకసారి దాని ముద్ర తీస్తాం, హోలోగ్రామ్ అంటారు దాన్ని. తర్వాత చేతిపంపుతో ముక్క లోపలికి కొంచెం గాలి ఎక్కించి, అదే ప్లేటు మీద రెండోసారి తీస్తాం. గాలికి ఆ ముక్క వెంట్రుకలో వందో వంతు ఉబ్బినా చాలు, కడిగి ఆరబెట్టిన ప్లేటులో దాని ఒంటి మీద నల్లటి గీతలు కనిపిస్తాయి, కోసిన మొద్దు మీద వలయాల లాగా. ముక్క మంచిదైతే గీతలు సాఫీగా పోతాయి. లోపల పగులో బుడగో ఉంటే ఆ ఒక్కచోట గీత వంగి ముడిపడుతుంది.

మొదటిసారి ఆ ప్లేటులోకి చూసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. ముక్కను బల్ల మీంచి తీసేసి బీరువాలో పెట్టాక సారు ప్లేటును లేజర్ ముందు నిలబెట్టి చూడమన్నాడు. గాజు వెనక ముక్క ఉన్నచోటే ఉంది, పక్కకు జరిగి చూస్తే దాని పక్క కూడా కనిపిస్తోంది, నేను తెలివితక్కువగా చెయ్యి చాచి పట్టుకోబోతే వేళ్లు అందులోంచి అటు పోయాయి. ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మ ఆ వారమంతా నాకు దిష్టి తీసింది. ఒక ఆదివారం మా బావ కూడా వచ్చి చూశాడు, చాలాసేపు నోరు తెరిచి చూసి, తర్వాత తనదైన వెటకారంతో, "ఏందిర బామ్మర్దీ, లేనిదాన్ని గింత సక్కగ సూపిస్తున్నవ్, మా ఫ్యాక్టరీల ఉన్నదాన్ని సూడుమంటెనే ఎవ్వడు సూడడు" అన్నాడు.

మా పెద్ద శత్రువు బొంబాయి రోడ్డు. షెడ్డుకు వంద గజాల దూరంలో ఆ రోడ్డు, దాని మీద రాత్రీ పగలూ లారీలు. లారీ పోతే నేల అదురుతుంది, నేల అదిరితే ప్లేటు పాడవుతుంది. అందుకని మా బల్లను సారు స్వయంగా తయారుచేయించాడు. కింద గాలి నింపిన లారీ ట్యూబులు, వాటి మీద మంజీర ఇసుక నింపిన తొట్టి, దాని మీద పెద్ద షాబాదు బండ. లారీలతో పోరాడడానికి లారీ ట్యూబులేనా అని అందరూ నవ్వేవాళ్లు. ముక్కను బిగించాక బల్ల నెమ్మదించడానికి గంట ఆగాలి. ముఖ్యమైన ప్లేట్లన్నీ పక్క షెడ్డులో కంప్రెసరు ఆగే ఆదివారం పొద్దునే తీసేవాళ్లం. వాచ్‌మెన్ తాత గుమ్మంలో నిలబడి రోడ్డును చూస్తూ, రెండు వైపులా లారీ లేదనిపించగానే భుజం మీది తువ్వాలు పైకెత్తేవాడు. అప్పుడు లోపల అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం, సారు కూడా బుగ్గలు ఉబ్బించుకుని నిలబడేవాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ నిశ్శబ్దమే నా యవ్వనమంతా అనిపిస్తుంది.

అయినా లారీలు లారీలే. ప్లేటులో ఏ గీత తేడాగా కనిపించినా మేము దాన్ని లారీ గీత అనేవాళ్లం. రిజిస్టరులో ఆ ప్లేటు పక్కన లారీ అని రాసి, మళ్లీ తీసేవాళ్లం. మళ్లీ తీస్తే నూటికి తొంభైసార్లు శుభ్రంగా వచ్చేది. అలా అలవాటై అలవాటై, ఆ మాట మాకు ఊతపదమైపోయింది. చాయ్ ఒలికినా లారీయే, నేను ఆలస్యంగా వచ్చినా లారీయే.

ఇక ఆ ఆదివారం సంగతి. ఒక పోతపని కార్ఖానా నుంచి అరచెయ్యంత వాల్వు మూతలు నాలుగు వచ్చాయి, సోమవారం పొద్దున తిరిగి ఇచ్చేయాలి. అవి ఎక్కడికి పోతాయో కూడా నాకు తెలుసు, మా బావ ఫ్యాక్టరీకే. సారు జ్వరంతో నగరంలో ఇంట్లోనే ఉండిపోయాడు, నన్నే చూసుకోమన్నాడు. వాచ్‌మెన్ తాత వాళ్లది చర్చికి పోయే కుటుంబం, పాపం మా కోసం ఎన్నో ఆదివారాలు ప్రార్థన మానుకున్నాడు, ఆ రోజు ఈస్టరు కాబట్టి సెలవడిగితే నేనే వెళ్లమన్నాను. నాకూ తొందరగానే ఉంది. మా అక్కకు ఆడపిల్ల పుట్టింది, ఆ మధ్యాహ్నమే వాళ్లింట్లో తొట్టెల. బావ యాటను కోయించాడు. మేనమామను నేను లేకుండా పిల్లను తొట్టెలో ఎలా వేస్తారు?

తెల్లవారుజామునే వచ్చి ఒక్కణ్ణే అన్నీ తీశాను. రోడ్డు వైపు చూసేవాళ్లు లేరు, నా చెవులనే నమ్ముకున్నాను. పదకొండు గంటలకు ప్లేట్లు ఆరాయి. మూడు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదానిలో మూత అంచు దగ్గర, బోల్టు రంధ్రానికి కాస్త పక్కగా, గీతలు వంగి చిన్న ముడి పడ్డాయి. డబ్బాలో ఇంకా ప్లేట్లు ఉన్నాయి. మళ్లీ బిగించి, గంట ఆగి, తీసి, కడిగి, ఆరబెట్టేసరికి రెండవుతుంది. నేను ఆ ముడిని ఎంతసేపు చూశానో ఇప్పటికీ గుర్తుంది, బహుశా ఒక నిమిషం. రిజిస్టరులో లారీ అని రాశాను. మళ్లీ తీసిన ఫలితం రాయాల్సిన గడిలో, తీయకుండానే సరే అని రాసి సంతకం చేశాను. షెడ్డుకు తాళం వేసి, సైకిలెక్కి, బంతి భోజనానికి సరిగ్గా వేళకు చేరుకున్నాను. బావ నా విస్తట్లో తన చేత్తో మాంసం వడ్డించాడు.

రెండు నెలల తర్వాత ఆ మూత పగిలింది. బావ ఫ్యాక్టరీలో, పగటి షిఫ్టులో, ఆయన బిగించి పక్కకు తిరిగిన కాసేపటికే, లోపలి వేడి ద్రవం ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖాన చిమ్మింది. ఒరిస్సా నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీ, ఇరవై రెండేళ్లవాడు, పెళ్లయి ఆరు నెలలట. రెండు కళ్లూ పోయాయి. మా బావ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని తన అరచేతులనే చూసుకుంటూ, "జెర ఎక్కువనే తిప్పినట్టున్నర, చెయ్యికి తెల్వలే" అన్నాడు. ఆయన చెయ్యికి తెలియకపోవడమా!

నేను అప్పటికింకా ఏమీ అనుకోలేదు, లేదా అనుకోకుండా ఉండడానికి ప్రయత్నించాను. రెండు రోజులకు పోతపని కార్ఖానా మేనేజరు పగిలిన మూత సగాన్ని గోనెసంచిలో చుట్టుకుని వచ్చి, ఇది మీరు చూసిందేనా అని అడిగాడు. మూత మీద కొట్టిన నంబరు చదివి రిజిస్టరు తీశాను. నాలుగో మూత. పగులు బోల్టు రంధ్రానికి కాస్త పక్కగా మొదలైంది. చూశాం, సరిగానే ఉంది అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. అతను తేలిగ్గా ఊపిరి తీసుకుని వెళ్లిపోయాడు, ఆ మాటనే ఫ్యాక్టరీవాళ్లకు చేరవేశాడు. మూత మంచిదే అయితే ఇక తప్పు బిగించినవాడిదే కదా. తరువాతి సోమవారం మా బావ, బోల్టు అతిగా బిగించడం వల్లనే మూత పగిలిందని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ఆయన దాన్ని నమ్మాడు. పానా చేతిలోంచి తీసుకుని స్టోరులో డ్రమ్ములు లెక్కపెట్టే పనిలో వేశారు.

ప్రమాదం సంగతి తెలిశాక సారు ఆ ప్లేటు తానే అడిగి తెప్పించుకుని లేజర్ ముందు పెట్టాడు. ఆ మూత ముక్కలై ఎక్కడో పడి ఉన్నా గాజు వెనక పగలకుండా, తెల్లగా, నిండుగా నిలబడి ఉంది, దాని అంచున ఆ ముడి. "లారీ అయితే బల్లంతా కదలాలి కదా నాయనా, ఒక్కచోటే ఎందుకు వంగుతుంది?" అన్నాడు సారు. ఆ సంగతి నాకు నేర్పింది కూడా ఆయనే. ప్లేటును కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, సంతకం నీది, ఏం చేస్తావో నీ ఇష్టం అన్నాడు. బయటపెడితే షెడ్డు మూతపడుతుందని ఆయనకూ తెలుసు, అందుకే నన్ను పొమ్మనలేదు, ఆగమనలేదు. ఆ రోజు ఆయన నన్ను రెండు చెంపలు వాయించి ఫ్యాక్టరీకి ఈడ్చుకుపోయి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. చూశారా, ఇప్పటికీ నా తప్పును పక్కవాడి మీదికి జరపాలనే చూస్తున్నాను.

ఆ కళ్లు పోయిన మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. బావ రోజూ పాలూ బ్రెడ్డూ పట్టుకుని ఆసుపత్రికి పోయేవాడు, వచ్చి అక్కతో చెబుతుంటే నేను వినేవాణ్ణి. కట్లు కట్టారని, ఒక చెవి కూడా కాలిందని, భార్య వచ్చిందని, ఆమెకు మన భాష రాక బావ చెయ్యి పట్టుకుని ఊరికే ఏడ్చిందని, అతను మాత్రం వంగి వంగి నమస్కారం పెడుతున్నాడని. నెల తిరగకముందే అన్నదమ్ములొచ్చి ఊరికి తీసుకెళ్లిపోయారు. ఆ విన్న ముక్కలన్నిటినీ కలుపుకుని నా మనసు ఒక ముఖం కట్టుకుంది, అది నన్ను వదిలిపెట్టలేదు. షేవింగ్ చేసుకుంటున్నప్పుడు అద్దంలో, బస్సు కిటికీలో, కొత్తగా ఎవరైనా ఎదురుపడి నమస్కారం పెట్టినప్పుడు, అది వచ్చి నిలబడుతుంది.

మా బావ ఆ తర్వాత ఏదీ పూర్తిగా బిగించలేకపోయాడు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. మంచం బోల్టులు కిర్రుమనేవి, పచ్చడి సీసా మూతలు పట్టుకుంటే చేతికొచ్చేవి, ఇంట్లో నల్లా ఎప్పుడూ కారేది. తిప్పుతూ తిప్పుతూ ఇంకో అర చుట్టు ఉందనగా ఆయన చెయ్యి ఆగిపోయేది. అక్కకు అది పరిహాసం, "ఊరంత బిగించొచ్చినోనికి ఇంట్ల నల్లా బిగించ శాతనైతలేదు" అని నలుగురిలో అనేది. ఆయన నవ్వేవాడు. ఒకసారి, షెడ్డు మూతపడి నేను వేరే ఉద్యోగంలో చేరాక, గుండె దిటవు చేసుకుని ఆ ప్లేటును పాత పేపరులో చుట్టి వాళ్లింటికి తీసుకెళ్లాను. బావ నల్లా కింద కూర్చుని వాషరు మారుస్తున్నాడు. నన్ను చూసి, పానా చాచి, చివరి చుట్టు నువ్వు తిప్పరా అన్నాడు. నేను తిప్పాను. నీళ్లు ఆగాయి. ఆయన సంతోషంగా నా వీపు తట్టాడు, భోజనం చేసి పొమ్మన్నాడు, చేశాను, ప్లేటును తీసుకెళ్లినట్టే వెనక్కి తెచ్చుకున్నాను. పిరికితనానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తర్వాత కిష్టారెడ్డిపేట ఫ్లాటుకు మారినప్పుడు చూస్తే, చెమ్మకు ప్లేటు మీది పూత అంతా రేగిపోయి ఉంది.

రెండువేల సంవత్సరం దాటాక బావ పోయాడు, మామూలు జబ్బే. సంవత్సరీకం నాడు చుట్టాలు వెళ్లిపోయాక, పెరట్లో అక్క ఒక్కతే గిన్నెలు సర్దుకుంటుంటే, ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. ఆమె చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వింది. ఏడవలేదు.

"ఆయనకు జెప్పినవా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

"మరి నాకెందుకు జెప్తున్నవ్‌ర? నీ మీదికెళ్లి దించి నా నెత్తిన వెట్టెతందుకా?"

గిన్నె కింద పెట్టి, ఆ పిలగాని పేరన్నా ఎరికేనా నీకు అని అడిగింది. నిజంగానే నాకు తెలియదు. బావ ఇంట్లో ఆ పేరు అంటూనే ఉండి ఉంటాడు, నా చెవులు ఆ ఒక్క మాటను ఎలా దాటవేశాయో. నిద్రలో కూడా ఆయన ఆ పేరే కలవరించేవాడని అక్క చెప్పింది. ఏం పేరక్కా అని అడిగాను. "తెల్సుకోవాల్నని ఉంటె గప్పుడే అడుగుతుంటివి" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు చాయ్ ఇవ్వడం మానలేదు, పండక్కి పిలవడం మానలేదు, కానీ ఆ పేరు మాత్రం చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు, రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను.

క్యాంపస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు నన్ను అక్క దగ్గర దింపింది. దారంతా చూస్తూ వచ్చాను. సారు షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఏదో గోదాము, ఆ పోతపని కార్ఖానా ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకలేదు, బావ ఫ్యాక్టరీ పేరు మారి మారి ఇప్పుడు ఎవరిదో. ఇప్పటి బల్లలు గాలి మీద తేలతాయట, అదురేదైనా ఉంటే కంప్యూటరే తీసేస్తుందట, ఊపిరి బిగబట్టాల్సిన పని లేదట. మంచిదే. అప్పటి మనుషుల్లో ఆ కళ్లు పోయినవాడి పేరు తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు, అక్క తప్ప. ఆమెకు ఏడాదిగా మతిమరుపు ముదిరింది. అయినా ఆ రోజు తేటగానే ఉంది, నన్ను గుర్తుపట్టింది, మనవరాలికి తలదువ్వింది. ఆ పిల్ల చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగాను. అక్కా, ఆ ఒరిస్సా పిలగాడు, బావ కలవరించేవాడు కదా, వాడి పేరేంది?

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. దాస్తున్నదేమో అనుకున్నాను, దాచినా బాగుండేది.

"ఎవ్వలు తమ్మీ?" అంది.

ఆ మూత మీద కొట్టిన నంబరు నాలుగు వందల పదిహేడు. అది మాత్రం నేను ఎన్నడూ మరిచిపోలేదు.